గంగరాజు నిద్ర మీద తీర్పు

"మా ఆయన నన్ను చంపబోయాడంటున్నారండి! కాదంటే వినేవాడు లేడండి!"

రాజమహేంద్రవరంలో డిటెక్టివ్ కాశీవిశ్వనాథం ఆఫీసులో మరిడమ్మ భోరుమంది. ఆమె మెడ మీద కమిలిన వేలిగుర్తులున్నాయి. ఆమె భర్త గంగరాజు యానాం దగ్గర పల్లెలో చేపలపడవ నడిపే సరంగు. నిద్రలో కేకలేస్తూ, వల లాగుతున్నట్టు ఆమెను పట్టి లాగుతాడు. యానాంలో మందు చవక కదా, తాగి కొడుతున్నాడని ఊరు తేల్చేసింది. పెద్దలకు ఫిర్యాదు చేసింది మరిడమ్మ తమ్ముడు అచ్చిబాబే. రేపే గంగరాజుకు వెలి. ఏం న్యాయమో!

"దెబ్బలు తిన్న మనిషిని అడక్కుండానే తీర్పా!" కాశీవిశ్వనాథం బల్ల గుద్దాడు. "డాక్టర్‌కి చూపించారా?"

"మూడు నెలల కిందట మెదడు స్కాన్ తీశారండి. మాకు వాట్సాప్ లేదు, తమ్ముడి నంబరిచ్చాం. ఏమీ లేదన్నారని వాడే చెప్పాడండి."

మర్నాడు ఆయన, అసిస్టెంట్ సాయిప్రసన్న పల్లెకు వెళ్లారు. గంగరాజు వల బాగుచేస్తున్నాడు. చేతిలో సూది కాస్త కూడా అదరడం లేదు. పక్క తట్టలో చేపలు కుళ్లి కంపు కొడుతుంటే సాయిప్రసన్న ముక్కు మూసుకుంది.

"మీకు వాసన రావట్లేదా?" అడిగాడు కాశీవిశ్వనాథం.

"ఏ వాసనా తెలిసి రెండేళ్లయిందండి."

అంతలో అచ్చిబాబు వచ్చాడు. "తాగుబోతుకి వకాల్తా ఏంటండి? నాలుగైదేళ్లలో చేతులు వణికేవాడికి పడవెవడిస్తాడు? ఇక నేనే సరంగునండి."

మధ్యాహ్నం పెద్దలు అరుగు మీద చేరారు. కాశీవిశ్వనాథం కూర్చోలేదు.

"కలలో మనం పరుగెత్తినా ఒళ్లు కదలదు. మెదడు కట్టేసి ఉంచుతుంది. ఆ కట్టు సడలితే కలలో లాగే వల మంచం మీదా లాగుతారు. వాసన పోవడం, ఈ నిద్రా, రెండూ పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకు ముందు గుర్తులు కావచ్చు. గంగరాజు చేతులు ఇప్పుడు వణకట్లేదు. నాలుగైదేళ్లలో వణుకుతాయని నీకెవరు చెప్పారు అచ్చిబాబూ? ఫోన్ తియ్యి!"

పెద్దలంతా చూస్తుంటే అచ్చిబాబు ఫోన్ తీసి ఇవ్వక తప్పలేదు. సాయిప్రసన్న గురువుగారి వంక అబ్బురంగా చూసి, ఆ ఫోన్లోని డాక్టర్ చీటీ పైకి చదివింది. స్కాన్‌లో ఒంటి కదలికల్ని నడిపే డోపమైన్ అనే మెదడు రసాయనం తగ్గినట్టుంది, నాలుగైదేళ్లలో వణుకు రావచ్చు, నిద్రకు మందు వెంటనే మొదలుపెట్టాలి.

"సరంగు పని కోసం బావని తాగుబోతుని చేశావా? అక్క మెడ చూస్తూ కూడా మూడు నెలలు మందు అందనివ్వలేదా? ఛీ!" అన్నాడు కాశీవిశ్వనాథం.

పెద్దల్లో ఒకడైన బుల్లబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "అయితే వెలి అచ్చిబాబుకే..."

"మీ వెలి మీరే ఉంచుకోండి!" మరిడమ్మ అరిచింది.

గంగరాజు మాత్రం తన చేతులకేసే చూసుకుంటున్నాడు. "అయితే నేను పశువుని కాదాండి? మూడు నెలలుగా అదే అనుకుంటున్నానండి."

"కాదని చెప్తానే ఉన్నాను కదా మావా!" ఆమె పెద్దల వైపు తిరిగింది. "నా మెడ, నా మొగుడు, నా మాట ఒక్కడు విన్నాడా? ఫోన్లో ఉంటే నమ్మారు!"