తలుపు పాటలో మిగతా సగం

ఆ బ్యాండు పాటల్లో ఏది ఫస్టు, ఏది లాస్టు అని తీర్పు చెప్పగల మొనగాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. నా తీర్పుకి ఎదురు లేదు, అప్పీలు లేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు నా కుట్టుమిషను ముందు చేతులు కట్టుకుని, "చెప్పండి జడ్జిగారూ" అని నిలబడేవాళ్ళు. నమ్మకపోతే మీ ఇష్టం. నమ్మినవాళ్ళకి కథ చెబుతాను, దగ్గరికి జరగండి.

అవి క్యాసెట్ల రోజులు. నాది కోట్లూ ప్యాంట్లూ కుట్టే షాపు. వారానికొక రోజు సెలవు. ఆ రోజు షట్టరు సగం దించి ఉంచితే మా మేనల్లుడు టేప్ రికార్డరు చంకలో పెట్టుకుని దిగేవాడు. వాడిది ఎదురువీధిలో కళ్ళద్దాల షాపు. మరి నా షాపులోనే ఎందుకంటే, గోడల నిండా గుడ్డల తానులు. ఎంత మోత పెట్టినా ఆ తానులు గుటకాయ స్వాహా చేసేవి. పక్కవాళ్ళు వచ్చి కేకలేసే బెడద లేదు.

వాడి వెనకే ఇద్దరు. ఒకాయన మందుల షాపాయన. ఇంకొకాయన లెక్కల మాస్టారు. ముగ్గురికీ ఒకటే పిచ్చి, ఆ నలుగురు జులపాల మనుషుల బ్యాండు. ఆ నలుగురూ ఎప్పుడో పోట్లాడుకుని తలో దారీ పట్టారట. వీళ్ళు ముగ్గురూ మాత్రం కలిసే ఉండి పోట్లాడుకునేవాళ్ళు.

పాటల ఇంగ్లీషు పేర్లకి నా నోరు తిరగదు. నేను పెట్టిన పేర్లే ఖాయమైపోయాయి. రైలు పాట, గంటల పాట, దగ్గు పాట, తలుపు పాట.

"రైలు పాటకి తొమ్మిదిన్నర మార్కులు," అనేవారు మాస్టారు.

"అదేమన్నా ఆన్సర్ పేపరా మార్కులెయ్యడానికి? గంటల పాట వింటే నా బీపీ దిగుతుంది. కొలతంటే అదీ," అనేవాడు మందుల షాపాయన.

"నీ బీపీ దిగేది పాట వల్ల కాదు, పాట అయిపోయినందుకు!"

"మీ రైలు పాట ఎప్పటికీ స్టేషను చేరదు మాస్టారూ. గార్డుకే నిద్రొస్తుంది!"

ఇలా రెండోస్థానం కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు గానీ మొదటిస్థానం మీద పేచీ లేదు. అది తలుపు పాటదే. అందులో ఒకడు తలుపు కొడుతుంటాడు. డ్రమ్ము అదే దడదడ. "తియ్యి, తియ్యి" అని బతిమాలతాడు. గొంతు పెరుగుతుంది, గిటారు పెరుగుతుంది, ఇంకేముంది తలుపు తెరుచుకుంటుందనగా... టక్! పాట అక్కడికి సరి.

"అదీ దమ్మంటే!" అనేవాడు మా వాడు కళ్ళు మూసుకుని. "ఇంకెవడైనా అయితే తలుపు తెరిపించి శుభం కార్డు వేసేవాడు. వీళ్ళు కోసి పారేశారు. జీవితం అంతే. కొడుతూనే ఉంటాం. తెరుచుకోదు."

ఆ టక్ దగ్గరే నేనూ నా పెద్ద కత్తెరతో కటక్‌మనిపించాలి. అది ఆనవాయితీ.

అలాంటి ఒక సెలవు రోజున షట్టరు కింద నుంచి ముందు రెండు చెప్పులొచ్చాయి, తర్వాత ఒక తెల్లకోటు, ఆ తర్వాత ఒక పిల్ల తల వంచుకుని లోపలికొచ్చింది.

"టైలర్ గారూ, ఈ కోటు చేతులు నా చేతులకంటే జానెడు పొడుగున్నాయి. కాస్త తగ్గించి పెడతారా? డాక్టర్నంటే ఎవరూ నమ్మట్లేదు."

"ఇవాళ సెలవమ్మా."

"సెలవైతే ఈ మోతేమిటి?"

"ష్!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. తలుపు పాట చివరికొచ్చేసింది. టక్. కటక్. "ఆహా!"

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది.

"కరెంటు పోయిందా?"

"లేదే?" అన్నాడు మా వాడు.

"మరి మిగతా పాటేదండీ?"

"మిగతా పాటేమిటి? పాట అంతే. ఆ టక్ ఆ డ్రమ్మరు ఆఖరి దెబ్బ. దాని మీద ఒక పుస్తకం రాయొచ్చు మీకు తెలుసా?"

ఆ పిల్ల పెదవులు బిగబట్టింది. ఎంతసేపు బిగబడుతుంది పాపం! పక్కనున్న తాను మీద కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

"అది క్యాసెట్టు అయిపోయినప్పుడు టేప్ రికార్డరు బటను పైకి లేచే చప్పుడండీ బాబూ! ఆ పాట ఇంకా సగం ఉంది!"

షాపులో సూది పడితే వినిపించేది. నా షాపులో సూదులకి కొదవలేదు కూడాను.

సంగతేమిటంటే, మా వాడికి ఆ క్యాసెట్టు కాలేజీలో ఎవరో సీనియరు రికార్డు చేసిచ్చాడు. ఆ వైపు టేపు అక్కడికి అయిపోయింది. దాన్నుంచి మాస్టారు కాపీ చేసుకున్నారు, ఆయన దగ్గర మందుల షాపాయన చేసుకున్నాడు. ఊళ్ళో ఆ బ్యాండు పిచ్చివాళ్ళందరూ మా వాడి క్యాసెట్టుకి పుట్టిన పిల్లలే. అందరి ఇళ్ళలోనూ అదే టక్. ఇన్నేళ్ళూ టేప్ రికార్డరుని పట్టుకుని గొప్ప డ్రమ్మరని మెచ్చుకున్నారన్నమాట!

"నా దగ్గర పెద్ద రికార్డు ఉంది," అంది ఆ పిల్ల. మలుపులో ఉన్న పళ్ళ క్లినిక్కులో పెద్ద డాక్టరు సెలవు మీద వెళితే ఆయన బదులు కొన్నాళ్ళకి వచ్చిందట. "తలుపు తెరుచుకుంటుందో లేదో చెప్పమంటారా?"

"వద్దు!" అని అరిచాడు మా వాడు. ఆ అరుపు మాత్రం తానులు తాగలేకపోయాయి. ఎదురువీధిలో వాడి షాపు అద్దాలు కూడా గజగజలాడాయి.

ఆ పిల్ల నవ్వు ఆపి వాడి వంక వింతగా చూసింది. వాడూ చూశాడు, కోపంగా. చూపులు కొలిచి అద్దాలిచ్చేవాడు గదా, ఆ చూపు ఏ నంబరుదో వాడికి మాత్రం అంతుబట్టలేదు.

"సరే. కోటు పెట్టి వెళుతున్నా, టైలర్ గారూ," అని లేచి, షట్టరు కింద వంగి, వెనక్కి తిరిగి, "వస్తానండీ, టక్ గారూ," అంది.

ఆ పేరు వాడికి అతుక్కుపోయింది.

ఇక్కడొక నిజం చెప్పాలి. జడ్జినన్నాను కదా? నేను ఆ పాటలు ఒక్కటీ వినలేదు. వాళ్ళు పాట పెట్టగానే, కోటు భుజాల్లో పెట్టే దూది తీసి రెండు చెవుల్లోనూ కుక్కుకునేవాణ్ణి. మాస్టారు చెయ్యి ఎత్తితే కత్తెర ఆడించేవాణ్ణి. పాటల్లో ఏముందో కూడా వాళ్ళ అరుపులు విని తెలుసుకున్నదే. అందుకే నన్ను జడ్జిని చేశారు. ఏ పాటా విననివాడికి ఏ పక్షం ఉంటుంది? నేను ఆ వారం ఎవరు బట్టలు కుట్టించుకుంటే వాళ్ళ పాటకి రెండోస్థానం ఇచ్చేవాణ్ణి.

అలాంటివాణ్ణి, నాకూ నిద్ర కరువైంది. ఇంతకీ ఆ తలుపు తెరుచుకుందా? లోపల ఎవరున్నారు? తియ్యకపోతే వాడేమయ్యాడు? బొత్తాలు కుడుతూ అదే ఆలోచన. ఒకాయన చొక్కాకి బొత్తాలు వీపు మీద కుట్టేశాను.

మందుల షాపాయనా మాస్టారూ కూడా అంతే. కానీ మా వాడు వినకుండా వాళ్ళు వినరు. అది వాళ్ళ మర్యాద. వాడేమో ససేమిరా.

అప్పుడు పట్టుకుంది వాడికి పంటినొప్పి. అలాంటిలాంటి నొప్పి కాదు. బుగ్గ ఎంత వాచిందంటే, వీధి మలుపులో ముందు బుగ్గ తిరిగేది, కాసేపటికి వాడు తిరిగేవాడు. ఇక క్లినిక్కుకి వెళ్ళక తప్పలేదు. అక్కడ జరిగింది తర్వాత ఆ పిల్లే చెప్పింది నాకు.

"రండి టక్ గారూ. కూర్చోండి. నోరు తెరవండి. ఇంకా. ఆ... ఇప్పుడు మీరు మాట్లాడలేరు. తలుపు పాట మిగతా సగం పాడనా?"

వాడు నోరు తెరుచుకునే రెండు చెవులూ మూసుకున్నాడు.

"చెవులు నేను చూడనండీ. చేతులు దించండి, లైటుకి అడ్డం."

చేతులు దించాడు. ఆ పిల్ల సన్నగా కూనిరాగం తీసింది. తలుపు కొట్టడం, బతిమాలడం, గొంతు పెరగడం, అన్నీ వచ్చాయి. సరిగ్గా ఆ టక్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

వాడు కళ్ళు తెరిచాడు. "ఎం... ఉకాగారు?" అన్నాడు. ఎందుకాగారు అని.

"మీరు అడిగేదాకా పాడను. ఇష్టంగా దాచుకున్నదాన్ని ఎవరో లాక్కుంటే ఏం బావుంటుంది?" అని, పళ్ళు చూసే చిన్నద్దం తుడుచుకుంటూ అంది, "మీకో సంగతి చెప్పనా? నవ్వినందుకు ఏమీ అనుకోకండి. ఆ పాట నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మా నాన్న రోజూ పెట్టేవారు. ఏం జరుగుతుందో తెలుసు గదా, తలుపు దగ్గరికి వచ్చేసరికి నేను వేరే పనిలో ఉండేదాన్ని. మీ షాపులో టక్‌మన్నాక ఇంటికెళ్ళి మళ్ళీ పెట్టుకున్నాను. మొదటిసారి విన్నట్టే ఉంది. ఈసారి ఎక్కడ తెరుచుకోదో అని భయమేసింది కూడా."

వాడు తిన్నగా నా షాపుకొచ్చి కూర్చున్నాడు.

"నొప్పి తగ్గిందట్రా?"

"పెరిగింది మావయ్యా."

"ఏ వైపు?"

"తెలీదు."

అలా రోజులు గడుస్తుండగా పెద్ద డాక్టరు తిరిగొచ్చాడు. ఆ పిల్ల కోటు కోసం వచ్చింది. మా వాడూ అక్కడే ఉన్నాడు.

"రేపు వెళ్ళిపోతున్నాను, టైలర్ గారూ," అంది. చెప్పింది నాతో. చూసింది వాణ్ణి. వాడు చేతిలో ఉన్న అద్దాన్ని అరిగిపోయేలా తుడుస్తున్నాడు. ఆ పిల్ల కాస్త ఆగి, వెళ్ళిపోయింది.

"ఒరేయ్, ఆ రికార్డు వెళ్ళిపోతోందిరా!" అన్నాను.

"పోనీ."

"ఆ పిల్ల కూడా వెళ్ళిపోతోంది."

ఈసారి పోనీ అనలేదు.

"మావయ్యా, తలుపు తీశాక లోపల ఎవరూ లేరనుకో. అప్పుడో?"

"ఉన్నారనుకో?"

"ఉంటే ఇంకా భయం."

"అయితే నువ్వు ఇక్కడే కూర్చో. నేను వెళ్ళి వింటాను. విని, వీధి మొదలు నుంచి చివరిదాకా టముకేసి చెబుతాను."

"నీకు ఆ పాటలంటే పడదుగా!"

"పడకపోతేనేం? లోపల ఎవరున్నారో తెలియక చచ్చిపోతున్నానురా!"

వాడు లేచాడు. బయట వాన మొదలైంది. గొడుగు కూడా తీసుకోకుండా దూకాడు. నేను ఈలోగా మాస్టారికీ మందుల షాపాయనకీ కబురు పెట్టాను. ఇద్దరూ ప్యాంట్లు పైకి మడుచుకుని పరిగెత్తుకొచ్చారు.

మా వాడూ ఆ పిల్లా వచ్చే దృశ్యం చూడాలి మీరు. రికార్డు ప్లేయరు వాడి చేతుల్లో. రికార్డు ఆ పిల్ల గుండెకి ఆన్చి, తెల్లకోటులో చుట్టి. ఉన్న ఒక్క గొడుగూ, ఆ పిల్లదే, ప్లేయరు మీద. ప్లేయరు మీద ఒక్క చుక్క పడలేదు. మిగతా వానంతా వాళ్ళిద్దరి మీదే పడింది. దారిలో ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడటం, వానని చూస్తున్నట్టు నటించడం, మళ్ళీ చూడటం.

నేను చెవుల్లో దూది తీసేశాను.

తలుపు పాట మొదలైంది. దడదడ. బతిమాలడం. పెరిగింది, పెరిగింది. ఆ చోటు వచ్చింది. అలవాటు కొద్దీ నా చెయ్యి కత్తెర మీదికి పోయింది. మాస్టారు పట్టుకున్నారు. టక్ రాలేదు.

డ్రమ్ము ఆగింది. గిటారు ఆగింది. అంతా నిశ్శబ్దం. అయిపోయిందేమో అనుకున్నాం. అప్పుడు వినిపించింది, లోపల నుంచి, మెల్లగా, ఆడగొంతు.

"ఏమంటోందమ్మా?" అన్నాను, ఉండబట్టలేక.

ఆ పిల్ల నా వైపు చూడలేదు. మా వాణ్ణి చూస్తూ చెప్పింది. "గడియ వెయ్యలేదు. ఎప్పుడూ వెయ్యలేదు. తోస్తే వస్తుంది, అంటోంది."

మందుల షాపాయన నుదురు కొట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ కొట్టాడే గానీ తొయ్యలేదన్నమాట, దద్దమ్మ!"

పాట అయిపోయింది. ఈసారి నిజంగానే అయిపోయింది. ఎవరూ ఆహా అనలేదు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "జడ్జిగారూ, ఇప్పుడు ర్యాంకు?" అన్నారు.

"ర్యాంకు వద్దు మావయ్యా," అన్నాడు మా వాడు. "సగం విని ఫస్టు ఇచ్చేశాను. ఇది ఇంకా వినాలి. చాలాసార్లు వినాలి." ఆ పిల్ల వైపు తిరిగాడు. "ఈ రికార్డు... ఇక్కడే ఉండిపోతే బావుంటుంది."

"రికార్డా?"

"రికార్డు కూడా..."

అక్కడ ఆగిపోయాడు. చెంపల మీద నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి.

ఆ పిల్ల తడి చేతులు దులుపుకుంటూ నా వైపు తిరిగింది. "ఏం మావయ్యగారూ, మీ మేనల్లుడికి మాటలు కూడా సగంలో తెగిపోతాయా?"

విన్నారా? మావయ్యగారూ అంది! నేను మా వాడి వీపు మీద ఒక్కటి చరిచాను, తోసినట్టు.

"మీరూ ఉండిపోండి," అన్నాడు వాడు ఒక్క గుక్కలో. "నాతో."

"ఉంటాను," అంది.

మా అక్కకి కబురు నేనే మోశాను. "పిల్లేం చేస్తుందిరా?" అంది. "పళ్ళు పీకుతుందక్కా," అన్నాను. "పోన్లే, ఆ మొండివాడి నోట్లోంచి ఏదైనా బయటికి తియ్యగల పిల్ల దొరికింది," అని సంతోషించింది.

ఇదీ కథ. ఇందులో నేను అల్లింది ఒకటుంది. వాన అనుకుంటున్నారు కదూ? ప్రేమకథ అనగానే ఈ ముసలాడు కుండపోత కురిపించేశాడని? కాదు, వాన నిజంగానే పడింది. మా షాపులోకి నీళ్ళొచ్చి రెండు తానులు పాడయ్యాయి కూడా. నేను అల్లింది పంటినొప్పి. వాడి పళ్ళు ఇప్పటికీ రాళ్ళలాంటివి. ఆ రోజు వాడు ఊరికే వెళ్ళి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడంతే. ఏ పన్నండీ అని ఆ పిల్ల అడిగితే, ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ పోయాడట. ఆ పిల్ల అన్నీ ఓపిగ్గా చూసి, "మీ పళ్ళకేం కాలేదు. రేపు కూడా రండి," అందట.