చెడిపోని సైకిల్

"మీరు వేసిన బేరింగులు రెండు నెలలు కూడా ఆగలేదు" అంటూ ఆమె సైకిల్‌ను షాపు గుమ్మానికి ఆనించింది.

గొంతులో కోపం లేదు. మందు పనిచేయలేదని డాక్టరుకు చెప్పే నర్సు గొంతు అది. నిజానికి ఆమె నర్సే.

అతను సైకిల్ వైపు చూశాడు. జానెడు వెడల్పున్నాయా అనిపించే టైర్ల ఫ్యాట్ బైక్, ఇసుకలో దిగబడకుండా పోయే రకం. పెడల్ పట్టుకుని తిప్పితే లోపల ఎవరో ఇసుక నములుతున్నట్టు చప్పుడైంది.

"దీన్ని సముద్రంలో గానీ ఈదించారా?"

"ఈదించలేదు, నడిపించాను. మోకాళ్ళ దాకానే."

వెనక బల్ల దగ్గర ట్యూబుకు ప్యాచీ వేస్తున్న అతని మేనత్త కిసుక్కున నవ్వింది. షాపు ఆవిడదే. అతను ఆవిడ దగ్గర పని నేర్చుకుని, ఆవిడ దగ్గరే ఉండిపోయాడు.

"ఈసారి గట్టివి వేద్దాం" అన్నాడతను. "పెడళ్ళు తిరిగే ఇరుసు ఉంది చూశారూ, బాటమ్ బ్రాకెట్, ఇప్పుడున్నది ఫ్రేములోకి కొట్టి దించే రకం. సందుల్లోంచి ఉప్పునీళ్ళు పోతున్నాయి. రెండు వైపులా ఒకదాంట్లోకి ఒకటి మరతో బిగిసేది తెప్పిస్తాను. చక్రాల హబ్బులు కూడా మొత్తం స్టీలువే వేస్తాను."

"బరువు పెరుగుతుందా?"

"కొంచెం. అయినా సైకిల్ మిమ్మల్ని మోస్తుంది గానీ, మీరు సైకిల్‌ని మోయరు కదా."

ఆమె మొహం ముడుచుకుంది. "నేనేం చేస్తానో మీకు బాగా తెలుసన్నమాట" అని సైకిల్ తిప్పుకుని నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.

"ఆ అమ్మాయి ఏ దారిన పోతుందో ఒక్కసారైనా అడిగావట్రా?" అంది అత్త, తల ఎత్తకుండానే.

అడగలేదు. ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే షాపులో అద్దెకిచ్చే ఫ్యాట్ బైక్ ఒకటి తీసుకుని, తీరం మొదట్లో ఆమె కోసం నిలబడ్డాడు.

ఆమె అతన్ని చూసి సైకిల్ ఆపింది. "బేరం వెంటపడి వచ్చిందే."

"బేరానికి కాదండీ, దారి చూద్దామని."

"రండి మరి. వెనకబడితే ఆగను."

తీరం అవతలి చివర, రోడ్డు లేని చోట కొన్ని ఇళ్ళున్నాయి. అక్కడి ముసలివాళ్ళకు కట్లు మార్చి, మందులిచ్చి రావడం ఆమె పని. తడి ఇసుక మీద కొంతదూరం హాయిగానే సాగింది. తర్వాత ఏరు సముద్రంలో కలిసేచోట పెడళ్ళు నీళ్ళలో మునిగాయి. దాని తర్వాత రాళ్ళు. ఆమె అలవాటైనట్టు సైకిల్ భుజానికెత్తుకుని, పిల్లిలా రాయి మీంచి రాయి మీదకు దాటేసింది. అతనూ ఎత్తుకున్నాడు. మూడో రాయి మీద జారి మోకాలు చీరుకున్నాడు.

ఆమె సంచీ విప్పి గాయం కడిగింది.

"మీరు సైకిల్‌ని మోయరు కదా అన్నారెవరో" అంది పట్టీ అతికిస్తూ.

"తప్పయింది. ఇక నోరు మూసుకుంటాను."

"మూసుకుంటే నా పనెలా అవుతుంది? మళ్ళీ దారిలో ఆగిపోతే ఈ రౌండ్లు తీసేసి నన్ను పట్నం వార్డుకు పంపేస్తామన్నారు ఆస్పత్రివాళ్ళు. ఏం వేయాలో చెప్పండి."

అతను ఆలోచించి చెప్పాడు. "ఇరుసు, గేర్ల పళ్ళు కూర్చునే భాగం స్టీలువే ఉండాలి. అక్కడ బరువు తగ్గిస్తే దారి మధ్యలో నిలబెట్టేస్తాయి. హబ్ పైభాగం మాత్రం అల్యూమినియం చాలు. క్యారియర్, స్టాండు తీసేద్దాం. మోసేటప్పుడు మీకు తేడా తెలియదు."

మొదటి ఇంట్లో పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసింది. "ఎవరే ఈ అబ్బాయి?"

"సైకిల్ మెకానిక్, మామ్మా."

"సైకిల్ మీంచి పడే మెకానికా?"

తిరుగు దారంతా ఆమె ఆ మాట తలుచుకుని నవ్వుతూనే ఉంది. అతనికి ఆ నవ్వు వినడానికైనా మళ్ళీ పడొచ్చనిపించింది.

లావు టైర్లకు తగ్గ వెడల్పు హబ్బులు రావడానికి చాన్నాళ్ళు పట్టింది. వచ్చాయా అని కనుక్కునే నెపంతో ఆమె తరచూ వచ్చేది. బిగించే రోజు స్టూలు మీద కూర్చుని చివరిదాకా చూసింది. అతను పడవలవాళ్ళు వాడే గ్రీజు దట్టంగా పట్టించి, "పైపుతో నీళ్ళు కొట్టి కడక్కండి, తడిబట్టతో తుడవండి" అన్నాడు. ఆమె బుద్ధిగా తలూపింది. గ్రీజు డబ్బా అందించిన చేత్తో జుట్టు సర్దుకుంటే ఆమె నుదుటికి మరక అంటుకుంది. అతను చూశాడు గానీ చెప్పలేదు. బాగుందనిపించింది.

ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. ఆమె రాలేదు.

బయట సైకిల్ బెల్లు మోగినప్పుడల్లా అతని తల లేచేది, మళ్ళీ వాలేది. చూసి చూసి అత్త అంది, "అంత గట్టిగా ఎవరు బిగించమన్నార్రా నిన్ను?"

ఒక సాయంత్రం సన్నని జల్లులో ఆమె గొడుగేసుకుని నడిచి వచ్చింది. సైకిల్ లేదు. అతను లేచి గుమ్మం దాకా వచ్చాడు.

"ఎక్కడ ఆగిపోయింది? బాటమ్ బ్రాకెట్టా?"

"ఎక్కడా ఆగలేదు. ఇంటి దగ్గరుంది. ఇన్ని వానల్లో తిరిగినా చప్పుడే లేదు. నా రౌండ్లు కూడా ఉంచేశారు."

"మంచిదే కదండీ. మరి..."

"ఏం మంచిది? చెడితే కదా ఇటు రావడానికి. ఒక్క బోల్టయినా వదులవుతుందేమోనని చూశాను. కాలేదు." ఆమె గొడుగు మీంచి జారే చుక్కల్ని చూస్తూ అంది, "వంక దొరక్క, వంక లేకుండానే వచ్చాను."

శుభ్రంగా ఉన్న చేతుల్నే అతను గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. "ఒకటి వదులుగా ఉంచాల్సిందని నేనూ రోజూ అనుకున్నాను. చేతులు రాలేదు."

"వచ్చుంటే నీ మొహం చూసేదాన్ని కాదు."

'నీ' అన్న మాట ఇద్దరికీ వినబడింది. ఎవరూ దిద్దుకోలేదు.

"రేపు నేనూ వస్తాను" అన్నాడతను. "దారి కోసం కాదు. నీతో."

"రా" అంది ఆమె, నెమ్మదిగా.

"వాడు రోజూ వచ్చేస్తే షాపెవరు చూస్తారు? సెలవు రోజుల్లో తీసుకెళ్ళమ్మాయ్" అంది అత్త బల్ల వెనకనుంచి. "ముందు తడవకుండా లోపలికి రా. మీ అమ్మగారితో నేనెప్పుడు మాట్లాడాలో అది చెప్పు."

ఆమె గొడుగు మూసి లోపలికి వచ్చింది. "అమ్మ సైకిల్ ఎలా ఉందని అడగడం ఎప్పుడో మానేసిందండీ. మెకానిక్ ఎలా ఉన్నాడనే అడుగుతోంది."