కామల కొట్టులో రెండు గొంతులు

చీకటి పడ్డాక కామల కొట్టు దగ్గర ఎవరూ ఆగరు.

రంపపు మిల్లు దాటి పది అడుగులు వేస్తే రోడ్డు ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపులోనే ఉంది – రేకుల కప్పు, తుప్పు పట్టిన షట్టరు, దాని మీద సగం రాలిపోయిన అక్షరాలు. ఒకప్పుడు అక్కడ గొడ్డళ్లకూ పారలకూ కామలు, అంటే కర్ర పిడులు, వేసేవారు. కత్తులు సాన పట్టేవారు. ఆ పనివాడు పోయి పదకొండేళ్లయింది. పగలు చూస్తే మామూలు కొట్టే. షట్టరు నీడలో పిల్లి పడుకుని ఉంటుంది.

చీకటి పడ్డాకే... లోపలినుంచి సానరాయి మీద ఇనుము గీసిన చప్పుడు వస్తుంది.

సర్ర్... సర్ర్...

మనిషి అడుగులు దగ్గరపడేసరికి ఆగిపోతుంది. దాటి వెళ్లాక మళ్లీ మొదలవుతుంది. జనం భయపడేది చప్పుడుకు కాదు, అది ఆగినందుకు.

పాలవాడు విన్నాడు. మిల్లు వాచ్‌మన్ విని, ఆ వైపు కిటికీకి అట్ట కొట్టేశాడు. ఆసుపత్రి నర్సు ఒకావిడ డ్యూటీ దిగి వస్తూ విని, చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తింది. మర్నాడు వాటికోసం మొగుణ్ణి పంపింది. ఆయన పట్టపగలు వెళ్లి కూడా ఒక్క చెప్పే తెచ్చాడు.

దెయ్యాలను నేను నమ్మను. ఈ ముక్క విని విని మా ఇంట్లోవాళ్లకు విసుగొచ్చింది. ఆ చప్పుడు గురించి ఎవరు చెప్పినా నవ్వేవాణ్ణి. నవ్వడానికి నాకో కారణం ఉంది, అది చివర చెబుతాను. ముందు అద్దాలాయనకు జరిగింది చెప్పాలి. ఆయన నాకు ఎలా చెప్పాడో అలాగే చెబుతాను.

అద్దాలాయనకు బజార్లో కళ్లద్దాల దుకాణం. ఈ ఊరు వచ్చి మూడేళ్లు. అద్దాన్ని అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టాడంటే వెంట్రుకవాసి తేడా ఉండదు. అంత నెమ్మదైన మనిషికి ఒకటే పిచ్చి – కత్తులు, గొడ్డళ్లు. అడవుల్లో తిరిగేవాళ్లు నడుముకు కట్టుకునే వెడల్పాటి కత్తులు, జేబులో పట్టే మడత కత్తులు, ఒంటిచేత్తో ఆడించే చిన్న గొడ్డళ్లు. పాతసామాను కొట్టులో తుప్పుముద్ద దొరికితే చాలు, పసిబిడ్డను తెచ్చినట్టు గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చేవాడు. తుప్పు గీకి, పదును పెట్టి, గేదె కొమ్ముతోనో గట్టి చెక్కతోనో కొత్త పిడి వేసి, తోలుతో ఒర కుట్టేవాడు. వెనక గదిలో గోడ నిండా అవే.

వాటితో ఆయన ఏనాడూ ఒక పుల్ల కొట్టి ఎరగడు.

"ఇంట్లో నలభై కత్తులున్నాయి, వంకాయ తెగే కత్తి ఒక్కటీ లేదు" అనేదట భార్య.

ఆమె తమ్ముడిది చెట్లు కొట్టే పని. గాలివానకు రోడ్ల మీద పడిన చెట్లను నరికి తీసేసే ముఠాలో పెద్ద చెయ్యి. అతను వచ్చినప్పుడల్లా ఆ గోడ ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వేవాడు.

"ఫోటో దిగడానికి ముస్తాబైనట్టున్నాయి బావా! వీటిలో ఒక్కదాన్నైనా పనికి పంపుతావా, లేక అన్నిటికీ ఎండ తగలకూడదా?"

ఈ మాట బావగారికి గుచ్చుకుంది. మూడేళ్లు గుచ్చుకుంది.

మొన్న గాలివాన వచ్చి వెళ్లాక బావమరిది ఫోన్ చేశాడు. తన గొడ్డలి కామ విరిగిందట. నాలుగో రోజు తెల్లవారకముందే ముఠా బయల్దేరుతుందట. "నిజంగా అడుగుతున్నా బావా, ఒకటి ఇవ్వు. నీ చేత్తో చేసింది."

అద్దాలాయన ఉబ్బిపోయాడు. గోడ మీద ఉన్నవాటిలో పెద్ద తల ఉన్నదాన్ని దింపాడు. ఆ రోజంతా కూర్చుని దానికి కొత్త కామ చెక్కాడు. చేతిలో ఇమిడేలా నడుమ సన్నం చేశాడు, చివర వంపు తిప్పాడు, నల్లగా మెరిసేలా కాల్చాడు. అందానికి వంక పెట్టలేం. కానీ గొడ్డలి తలలో దూరే చోట ఆకురాయి ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. చీల కొట్టి బిగించినా తల కొంచెం ఆడుతోంది.

ఊపినప్పుడు టక్‌... టక్‌మని.

మళ్లీ చెక్కాలంటే ఎండిన కర్ర ఇంకోటి లేదు, తెప్పించాలంటే వారం కావాలి. ఉన్నది మూడు రోజులు.

గొడ్డలిని తలకిందులుగా బకెట్ నీళ్లలో పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి చెక్క ఉబ్బి తల బిగిసిపోయింది. రెండు చేతులతో లాగినా కదల్లేదు. నూనె పట్టించి, అది ఆరడానికి పడమటి కిటికీలో, ఎండలో వేలాడదీశాడు. రెండు పగళ్లు అక్కడే ఉంది.

నీళ్లకు ఉబ్బిన చెక్క ఆరితే ఏమవుతుందో ఆయనకు తెలియక కాదు. తెలుసు. తెలిసి, ఆ సంగతి తలుచుకోలేదు.

మూడో రోజు సాయంత్రం భార్య ముందే తమ్ముడి ఇంటికి వెళ్లింది. ఈయన దుకాణం మూసి, గొడ్డలికి తోలు ఒర తొడిగి, భుజాన పెట్టుకుని బయల్దేరాడు. ఏడున్నర దాటి ఉంటుంది. దెయ్యాలకు అర్ధరాత్రే కావాలని ఎవరన్నారో గానీ, ఆ రోజు కరెంటు పోయింది. మిల్లు దగ్గరే కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి.

మలుపు తిరిగాడు.

సర్ర్... సర్ర్...

విన్న కథలన్నీ గుర్తొచ్చాయి. అయినా నడిచాడు. చప్పుడు ఆగింది. ఈయన కాళ్లూ ఆగాయి.

షట్టరు అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది. నూనె వాసన. తడి రాయి వాసన. 

అప్పుడు లోపల ఒక గొంతు అడిగింది. బరువైన గొంతు. తొందర లేని గొంతు.

"వెనక ఎవరు?"

తననే అడిగారనుకున్నాడు.  వెనక్కి తిరుగుదామంటే మెడ తిరగలేదు.

ఈయన జవాబు చెప్పకముందే లోపలే ఇంకో గొంతు పలికింది. సన్నగా... వణుకుతూ...

"ఎవరూ లేరు."

 తర్వాత మొదటి గొంతు, అంతే నెమ్మదిగా –

"తిరిగి చూసి చెప్పు."

లోపల బరువైనదేదో నేల మీద పడి పగిలింది.

అద్దాలాయన ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. బావమరిది ఇంటి గేటు పట్టుకున్నాకే ఊపిరి తీసుకున్నాడు. గొడ్డలి మాత్రం వదల్లేదు.

"ఏం బావా, నిన్నెవరైనా తరిమారా? గొడ్డలి నీ దగ్గరుంటే వాళ్లు కదా పరిగెత్తాలి!"

ఈయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అప్పుడైనా చెప్పాల్సింది – తల ఆడుతోందిరా, నానబెట్టాను, వద్దురా అని. బావమరిది అప్పటికే ఒర లాగాడు. పెరట్లో గోడకు తగిలించిన లాంతరు వెలుగులో ఇనుము మెరిసింది.

"అబ్బా..." అన్నాడు. మూడేళ్లలో మొదటిసారి ఎగతాళి లేదు ఆ గొంతులో. "అబ్బా బావా! దీన్ని చెట్టు మీద వేయడానికి చెయ్యి రాదే! ఒక్క దెబ్బ వేసి చూస్తా."

ఆ ఒక్క 'అబ్బా' కోసం అద్దాలాయన నోరు మూసుకున్నాడు.

పెరట్లో ఒక దుంగ ఉంది. బావమరిది కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. రెండు చేతులతో కామ పట్టుకున్నాడు. గొడ్డలి వెనక్కి లేస్తోంది...

టక్.

చిన్న చప్పుడు. అద్దాలాయనకే వినబడింది.

అప్పుడు ఆయన నోటినుంచి ఒక కేక వచ్చింది. తాను వేయాలనుకున్న కేక కాదు.

"వెనక ఎవరు?"

బావమరిది చేతులు గాల్లో ఆగాయి. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

వెనక, నాలుగడుగుల దూరంలో, తీగ మీద ఆరేసిన దుప్పటి అవతల అక్క నిలబడి బట్టలు తీస్తోంది. దుప్పటి కింద పాదాలు మాత్రం కనబడుతున్నాయి.

"అక్కా! అక్కడేం చేస్తున్నావ్? ఇవతలికి రా."

"బట్టలు తీయొద్దా? మంచు పడుతోంది. మీ ఆటలు మీవి" అని గొణుక్కుంటూ ఆమె పక్కకు జరిగి, వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"వద్దురా" అన్నాడు అద్దాలాయన. నోట్లోనే. బావమరిదికి వినబడలేదు.

గొడ్డలి లేచింది. తల మీదుగా వెనక్కి వెళ్లింది. ముందుకు వచ్చింది...

వచ్చింది ఉత్త కామ. దుంగకు తగిలి చేతుల్లో ఝల్లుమంది.

వెనక దుప్పటి ఒక్కసారి ఊగింది. దాని అవతల ఉన్న సిమెంటు తొట్టి పగిలి నీళ్లు పారాయి. దుప్పటి నడుమ, మనిషి ఛాతీ ఎత్తున, జానెడు చీలిక.

 నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

బావమరిది కామ కొస మీద వేలు పెట్టి రుద్దాడు. వాసన చూశాడు. చెట్లు కొట్టేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నానబెట్టావా బావా?"

అద్దాలాయన తలూపాడు.

"రేపు నా వెనక తాడు పట్టుకుని ఇద్దరుంటారు" అన్నాడు బావమరిది, మెల్లగా. అంతకంటే ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని అద్దాలాయన నాతో అన్నాడు.

భార్య మాత్రం ఇంకోటి అడిగింది. "నన్ను చూసే అరిచారా?"

"లేదు. దుప్పటి అడ్డం ఉంది."

"మరి... అది మీ గొంతులా లేదేం?"

ఇదంతా అద్దాలాయన నాకు చెప్పింది తన దుకాణంలోనే. నా కళ్లు పరీక్ష చేస్తూ, ఒక్కో అద్దం మారుస్తూ చెప్పాడు. వెనక గదిలోని గొడ్డళ్లన్నీ దింపి మేడ మీద పెట్టెలో వేశాడట. మడత కత్తులు మాత్రం ఉంచుకున్నాడట. ఒక కత్తిని వంటింట్లోకి ఇచ్చాడట.

"ఆ మాట నాకెలా వచ్చింది తాతగారూ? దాని అర్థమేమిటో కూడా నాకు తెలియదు" అన్నాడు.

"భయంలో నోటికేదో వస్తుంది బాబూ" అన్నాను.

"సరే, కింది వరుస చదవండి."

నేను చదవలేదు. అక్షరాలు కనబడలేదని రాసుకున్నాడు.

ఇప్పుడు నా కారణం చెబుతాను.

ఆ కొట్టులో సాన చప్పుడు నాది. కామలు వేసిన పనివాడు మా అన్న. వెనక తలుపు తాళంచెవి నా దగ్గరుంది. అన్న పనిముట్లు తుప్పు పట్టకూడదని రోజూ పొద్దుగుంకాక వెళ్లి, దీపం పెట్టకుండా, తడుముకుంటూ ఒక్కోటి సాన పడతాను. ఎవరైనా వస్తుంటే ఆపుతాను, పలకరింపులు నాకు గిట్టవు కనుక. వాళ్లు పరిగెత్తితే నవ్వుకుంటాను. ఆ నర్సు రెండో చెప్పు పిల్లి లాక్కొచ్చింది, ఇంకా లోపలే ఉంది.

"వెనక ఎవరు?" అనే మాట మా అన్నది. కొత్త కామ వేసిన గొడ్డలిని గట్టిగా ఆడించి చూడకుండా ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆడించేముందు నన్ను అడిగేవాడు. నేను తిరిగి చూసి "ఎవరూ లేరు" అనేవాణ్ణి. అప్పుడు గొడ్డలి ఎత్తేవాడు.

ఆ రోజుల్లో నేను రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దుకుంటున్నాను. కొట్టులో కూడా పుస్తకం వదిలేవాణ్ణి కాదు. ఒక సాయంత్రం అన్న అడిగాడు. నేను అక్షరం మీదనుంచి తల ఎత్తకుండానే చెప్పాను.

నాకు వెలుతురు చాలడం లేదని అన్న వెనకనుంచి వదిన లాంతరు తెస్తోంది.

అన్న నన్ను ఒక్క మాటా అనలేదు. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ ప్రశ్న నన్నడగలేదు. తనే తిరిగి చూసుకునేవాడు. మా ఇద్దరికీ తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. గొడ్డలి జారి వదిన పోయిందనే ఊరు అనుకుంది.

కరెంటు పోయిన ఆ సాయంత్రం నేను కొట్టులోనే ఉన్నాను. అడుగులు విని సాన ఆపాను. ఊపిరి బిగబట్టాను. అద్దాలాయన విన్న ప్రశ్న నేనూ విన్నాను. అది షట్టరు వైపునుంచి రాలేదు. నా వీపు వెనకనుంచి వచ్చింది.

అన్నేళ్ల అలవాటు. నోరు దానంతటదే పలికింది.

రెండో గొంతు నాది.

తిరిగి చూసి చెప్పమన్నప్పుడు చేతిలో సానరాయి జారి రెండు ముక్కలైంది. కానీ తిరగలేదు. ఆ రోజు కూడా... నేను తిరిగి చూడలేదు.

దెయ్యాలను నమ్మనని ఇప్పటికీ అంటాను. కొట్టుకు వెళ్లడం కూడా మానలేదు. పగిలిన రాయి ముక్క మీదే సాన పడుతున్నాను. కూర్చునే చోటు ఒక్కటే మార్చాను.

గోడకు వీపు ఆనించి కూర్చుంటున్నాను. వెనక ఎవరికీ చోటు లేకుండా.