వామన్‌రావు చెప్పిన నూట పన్నెండు రూల్స్

"లారీ ఈరోజు బయలుదేరుతుంది, హెన్రీ. అది విశాఖ చేరకపోతే మనిద్దరం వేరే ఉద్యోగాలు వెతుక్కోవచ్చు. డ్రైవర్ లక్ష్మణరావుకు ఆ అవకాశం కూడా ఉండదు."

1996. శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర. బషీర్‌బాగ్‌లో 'ఎగుమతుల సలహా సంఘం' అని బోర్డున్న ఆఫీసు. ఆ బోర్డు చూసి ఇంతవరకూ సలహా అడగడానికి ఎవరూ రాలేదు. చీఫ్ ఇంద్రసేన ఎదుట ఏజెంట్ హెన్రీ నిలబడే ఉన్నాడు.

"సరుకు?"

"సబ్‌మెరైన్‌కు దిక్కు చూపే గైరోస్కోప్. కాగితాల్లో బోరు మోటారు."

"ఎస్కార్ట్?"

"పెడితే చాటింపు వేసినట్టే. ఇన్నాళ్ళూ మన సరుకును కాపాడింది ఒక్క మనిషి. నాంపల్లి ఇంద్రకీలా రోడ్‌లైన్స్‌లో డిస్పాచ్ గుమాస్తా వామన్‌రావు. ఏ రోడ్డున పోవాలో ఆయన గేటు దగ్గర చెప్పేదాకా డ్రైవర్‌కే తెలియదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కంప్యూటర్‌కు తెలుసు."

రెండు నెలల క్రితం, అబిడ్స్‌లోని గ్లోబ్రెయిన్ సిస్టమ్స్ వాళ్ళు ఇంద్రకీలా యజమాని శశికిరణ్‌కు ఒక ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అమ్మారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్. వామన్‌రావును రోజూ కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. ముప్పై ఏళ్ళ అనుభవం నూట పన్నెండు రూల్స్‌గా కంప్యూటర్‌లోకి ఎక్కింది. డీజిల్ మిగులుతుంది, ఖాళీ ట్రిప్పులు తగ్గుతాయి, డిస్పాచ్ నిమిషంలో తేలిపోతుంది. శశికిరణ్ మురిసిపోయాడు. సోమవారం నుంచి ఆర్డర్లు అదే ఇస్తుంది, అప్పటిదాకా గేటు దగ్గర మాట వామన్‌రావుదే.

గ్లోబ్రెయిన్ వెనక వాల్టర్ అనే విదేశీ ముఠా నాయకుడున్నాడని నిన్ననే తేలింది. చెప్పింది గ్లోబ్రెయిన్‌లో ఉన్న ఇంద్రసేన మనిషి, హైందవి. వామన్‌రావును ప్రశ్నలడిగిన ఇంజనీరు ఆమే. ఆమె తన మనిషేనని వాల్టర్ నమ్మకం.

"పదిన్నరకు ఆ కంప్యూటర్ అబిడ్స్‌కు ఫోన్ కలిపి ఈరోజు లారీల రూట్లు పంపుతుంది. ఆ కాల్ ఆపు," అన్నాడు ఇంద్రసేన. "గుమాస్తాతో మాట్లాడకు. సరుకు సంగతి ఆయనకు తెలియకూడదు."

* * *

పది ఇరవైకి ఖాకీ చొక్కా, భుజాన వైర్ల సంచితో ఒక టెలిఫోన్ లైన్‌మన్ ఇంద్రకీలా గేటు దాటాడు. సంచిలో అగ్గిపెట్టెంత బ్లాకర్ ఉంది. లైనుకు తగిలిస్తే చాలు, మూగబోతుంది.

కంప్యూటర్ గది గుమ్మంలో హైందవి నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు, నీలం షిఫాన్ చీర. డీజిల్ వాసన నిండిన ఆ గోడౌన్‌లోకి దారితప్పి వచ్చినట్టుంది.

"ఫోన్‌లో గరగర వస్తోందండీ," అంది.

"వర్షం పడితే అంతే మేడమ్," అని సంకేతానికి జవాబిచ్చాడు హెన్రీ.

ఆమె గొంతు తగ్గించింది. "వాల్టర్ టైమ్ మార్చేశాడు. ఇప్పుడే కలుస్తోంది. పరిగెత్తు!"

హెన్రీ జంక్షన్ బాక్స్ చేరేసరికి మోడెమ్ కీచుమంటోంది. బ్లాకర్ తగిలించాడు. కీచు ఆగింది. స్క్రీన్ మీద రెండు ఇంగ్లీషు మాటలు మిగిలాయి. ట్రాన్స్‌ఫర్ కంప్లీట్. వాటి పైన లక్ష్మణరావు లారీ నెంబరు, పక్కనే రూట్: విజయవాడ రోడ్డు.

"లారీ ఎక్కడ?"

"వామన్‌రావు బాబాయ్ పావుగంట క్రితమే పంపేశాడు," అంది హైందవి. "చౌటుప్పల్ దాటాక వాల్టర్ మనుషులు మాటు వేసి ఉన్నారు. నన్ను అబిడ్స్ రమ్మన్నాడు."

"వెళ్ళొద్దు."

"వెళ్ళకపోతేనే అనుమానం. నువ్వు లారీ సంగతి చూడు."

హెన్రీ జీపు నాంపల్లి దాటి, అఫ్జల్‌గంజ్ బస్సుల మధ్య ఇరుక్కుని, ఎల్బీనగర్ చేరేసరికి పదకొండున్నర. అక్కడి చెక్‌పోస్టు రిజిస్టర్లో ఆ లారీ లేదు. రోడ్డు పక్క టైర్ల షాపుల్లో అడిగాడు. ఎవరూ చూడలేదు. ఏం చెయ్యాలో తోచక వెనక్కి తిప్పాడు. పన్నెండూ ఇరవైకి గోడౌన్‌లో వామన్‌రావు ముందు నిలబడి, చీఫ్ ఆర్డరు పక్కన పెట్టి, ఐడీ కార్డు చూపించాడు.

"లక్ష్మణరావు ఏ రోడ్డున పోయాడు?"

వామన్‌రావు టిఫిన్ డబ్బా మూత పెట్టాడు. "ఏంది సారు, గంత పరేషానున్నరు? వరంగల్ రోడ్డున పోయిండు."

"కంప్యూటర్ విజయవాడ అంటోంది!"

"ఔ. అంటది. నేనే చెప్పిన గట్ల."

"ఎందుకు?"

"లక్ష్మణరావు బిడ్డ భువనగిరిల ఉంటది. గాడ బువ్వ తిని పోతనంటడు. గా రోడ్డిస్తే బండి పువ్వులెక్క తీస్కపోతడు. గిదంతా గా కంప్యూటర్ డబ్బాకు చెప్తనా? నా తలకాయల ఉన్నదంతా రాసుకుంటే ఇగ నాతోటేం పని సారు? ఇంటికి పంపుతరు. నూట పన్నెండు చెప్పిన. ఒక్కటి గూడ సచ్చా చెప్పలే."

హెన్రీకి నవ్వు ఆగలేదు. గైరోస్కోప్ క్షేమం. లక్ష్మణరావు క్షేమం. ఒక పెద్ద ముఠా రెండు నెలలు కష్టపడి ఒక గుమాస్తా అబద్ధాలను దొంగిలించింది.

"పొద్దుగాల నన్నడిగితే అప్పుడే చెప్తుంటి గద," అన్నాడు వామన్‌రావు.

నవ్వు ఆగింది. చౌటుప్పల్ దగ్గర లారీ రాలేదు. అంటే రూల్స్ తప్పు. తప్పుడు రూల్స్ రాసింది ఎవరని వాల్టర్ అనుకుంటాడు?

హెన్రీ బ్లాకర్ పీకి, అబిడ్స్ నెంబరు తిప్పాడు. నాలుగో రింగుకు ఆమె ఎత్తింది.

"హైందవీ, వెంటనే బయటికి వచ్చెయ్!"

రిసీవర్‌లో ఆమె పక్కన ఎవరిదో ఊపిరి.

"ఫోన్‌లో గరగర వస్తోందండీ," అంది మెల్లగా. "ఏమీ వినిపించడం లేదు."

కుర్చీ పడిన చప్పుడు. లైన్ తెగింది.

అబిడ్స్ జీపీఓ దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. హెన్రీ జీపు వదిలేసి పరిగెత్తాడు. మూడో అంతస్తులో తలుపు తీసే ఉంది. వాల్టర్ లేడు. నల్ల కళ్ళద్దాలు టేబుల్ కింద పడి ఉన్నాయి. ఆమె కుర్చీ పక్కన నేల మీద ఉంది. హెన్రీ చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. చాలాసేపు చూశాడు.

వాల్టర్‌ను ఆమె నిజంగానే మోసం చేసింది. అతను ఆమెను చంపింది మాత్రం ఆమె చెయ్యని మోసానికి.

* * *

సాయంత్రం వామన్‌రావు మెడలో పూలదండ, భుజాన శాలువా ఉన్నాయి. శశికిరణ్ అప్పుడే సన్మానం చేసి, రిటైర్మెంట్ కాగితం చేతికిచ్చి వెళ్ళాడు.

"నిజం చెప్పినా పంపుతుండె, అబద్ధం చెప్పినా పంపిండు," అన్నాడు వామన్‌రావు. "గదంతా పోనీ సారు. గా పిల్ల కనవడ్తలేదు? రోజు 'బాబాయ్, బాబాయ్' అనుకుంట రాసుకునేది. అబద్ధం చెప్పిన, మనసుల పెట్టుకోవద్దని జర చెప్పున్రి."

"చెప్తాను," అన్నాడు హెన్రీ.

సోమవారం ఉదయం ఎక్స్‌పర్ట్ సిస్టమ్ తన మొదటి ఆర్డర్ ఇచ్చింది. కర్నూలు వెళ్ళాల్సిన సరుకు వరంగల్ రోడ్డెక్కింది, సరిగ్గా టైముకి.