పల్లీల మిల్లులో పాట ఆగిన రోజు

ఆ రోజు పొద్దున పుష్పమ్మ నోటి నుంచి ఒక్క మాట రాలేదు. పొయ్యి ముందు కూర్చుని జొన్న గట్క కలుపుతోంది. ఐలేశం గడప దగ్గర చెప్పులకు నూనె రాసుకుంటూ రెండుసార్లు కూతురి వైపు చూశాడు. మూడోసారి ఉండబట్టలేకపోయాడు.

“ఏందే, నోట్ల ఏమున్నది?”

“ఏముంటది? నాలిక ఉన్నది.”

“గట్లయితే సప్పుడెందుకు జేస్తలేవు?”

“మాట్లాడకుంటే తింటున్నట్టేనా నాయినా? గిది ఇల్లు. నీ మిల్లు గాదు.”

ఐలేశం తల గోక్కున్నాడు. అలవాటు కొద్దీ ఇంట్లోనూ అదే అడిగేశాడు. నకిరేకల్ సడక్ పక్కనున్న పల్లికాయల మిల్లులో ఎనిమిదేళ్లుగా అతను మేస్త్రి. అక్కడి రేకుల షెడ్డులో ఇరవై ఇద్దరు ఆడవాళ్లు వరసగా కూర్చుని, పొట్టు తీసిన పల్లీల్లోంచి రాళ్లూ పుచ్చులూ ఏరుతారు. ఏరుతూ ఏరుతూ తినేస్తారేమోనని సేటుకు బెంగ. ఆ బెంగకు మందు కనిపెట్టింది ఐలేశమే. ఏరినంతసేపూ అందరూ పాడుతూనే ఉండాలి. పాడే నోరు నమలలేదు గదా! అప్పటినుంచి అతను కళ్లు మూసుకుని వరసల మధ్య తిరుగుతాడు. ఒక్క గొంతు తగ్గినా చాలు, “నర్సింగమ్మా, మింగి అందుకో!” అని కేక వేస్తాడు. ఆ చెవి చూసుకుని అతనికి చాలా గర్వం.

ఇంట్లో ఇద్దరే. భార్య లీలమ్మ పోయి రెండేళ్లయింది. పద్దెనిమిదేళ్ల పుష్పమ్మ ఏడో తరగతి దాకా చదివి, ఏడాదిగా ఆ షెడ్డులోనే ఏరుతోంది.

గట్క పళ్లెం తండ్రి ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

“తిను. నువ్వు తింటుంటే ఒక మాట చెప్త.”

“తిన్నంక చెప్పరాదు?”

“నోరు నిండుంటే నడుమ అడ్డం రావు.”

ఐలేశం మొదటి ముద్ద పెట్టుకోగానే ఆమె మొదలుపెట్టింది. “సైదమ్మను మల్ల పనిలకు తీస్కోవాలె. గొంతు రానోళ్లను పాడుమనొద్దు. షెడ్డుల నీళ్ల కుండ వెట్టాలె. పాడి పాడి గొంతెండుతాంది, బాయి దాక పోతమంటే పోనిస్తలేవు. దినానికి రెండు మాట్ల నీళ్లకు ఇడువాలె. గియ్యన్ని అయినంకనే పాట. అందరం అనుకున్నం.”

ఐలేశం గబగబా మింగాడు. “అనుకున్నరా? ఎవరు అనుకున్నరు? నర్సింగమ్మ గూడనా?”

“ఆమెనే ముందు అన్నది.”

“నా బిడ్డవయ్యుండి నా మీదనే పంచాయితీ వెడ్తవా?”

“నీ బిడ్డను గాబట్టే ముందుగాల నీకు చెప్తున్న. సేటుకు ఇంకా చెప్పలే. ఇయ్యాల అందరం వస్తం, ఏరుతం. పని ఆపం. నోరు మాత్రం ఇప్పం.”

“సైదమ్మ పాడలే. కాయిదా అందరికీ ఒక్కటే. ఒక్కరిని ఇడిస్తే తతిమ్మోళ్లు ఊకుంటరా?”

సైదమ్మ పుష్పమ్మ ఈడు పిల్ల. తల్లి చనిపోయిన పన్నెండో నాడు పనికి వచ్చింది. చేతులు ఏరాయి గానీ పెదవులు విడలేదు. ఐలేశం అందరి ముందూ ఆమెను నోరు తెరవమన్నాడు. లోపల ఏమీ లేదు. అయినా పాడనివాళ్లకు పని లేదన్న కాయిదా ప్రకారం ఇంటికి పంపేశాడు.

“నాయినా,” పుష్పమ్మ గొంతు తగ్గింది. “అమ్మ పోయినంక నువ్వు భజనల ఒక్కసారన్న పాడినవా?”

ఐలేశం చెయ్యి పళ్లెంలోనే ఆగింది. ఊరి శనివారపు భజనలో ఒకప్పుడు మొదటి గొంతు అతనిదే. లీలమ్మ పోయాక కూడా వెళ్తున్నాడు. వెనక కూర్చుంటాడు, లేచి వస్తాడు. ఎందుకు పాడవని ఎవరూ అడగలేదు. అడగకుండానే ఎవరో ఒకరు చేతిలో తాళాలు పెడతారు, ఊరికే ఉండకుండా.

“నిన్ను ఎవరన్న లేచి బయటికి పొమ్మన్నరా?”

ఐలేశం సగం గట్క వదిలేసి, “పొద్దువోయింది,” అంటూ లేచాడు. తొందరలో కూతురి చెప్పుల్లో కాళ్లు దూర్చబోయి, అవి పట్టక, తనవి వెతుక్కుని వెళ్లిపోయాడు.

మిల్లులో యంత్రం మధ్యాహ్నం గానీ తిరగదు. షెడ్డులో ఇరవై ఒక్క మంది తలలు వంచుకుని ఏరుతున్నారు. పాట లేదు. పల్లీలు గంపల్లో పడే చప్పుడు వినిపిస్తోంది, రేకుల మీద పిచ్చుకల గోల వినిపిస్తోంది. అన్నాళ్లూ అక్కడ పిచ్చుకలున్నాయని అతనికి తెలియదు.

“నర్సింగమ్మా, అందుకో.”

“గొంతు అరిగింది తమ్ముడా,” అంది ఆవిడ చేటలోంచి తలెత్తకుండా. “ఎనిమిదేండ్ల సంది పాడితి. చెప్పైనా అరుగుతది గద!”

“బక్కమ్మా, నువ్వు?”

బక్కమ్మ మెడ పట్టుకుని దగ్గింది. దగ్గు బాగానే వచ్చింది.

ఐలేశం చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేశాడో లేదో, టక్కున ఆగాడు. కరక్, కరక్. సన్నగా నమిలే చప్పుడు. అతని ముఖం వెలిగిపోయింది. పాట ఆపితే ఏమవుతుందో తాను చెప్పలేదా? కళ్లు మూసుకుని చప్పుడు వెంట మొదటి వరస చివరిదాకా వెళ్లాడు. చప్పుడు అక్కడా ఉంది. రెండో వరసకు తిరిగాడు. అదీ తిరిగింది. ఎంత గడుసుది!

అప్పుడే సేటు ధోవతి కుచ్చిళ్లు పట్టుకుని వచ్చాడు. “ఏందయ్యా ఐలేశం, పాట బందయింది?”

“ఒక్క నిమిషం సేటూ. దొంగ దొరికింది. జర ఇనుండ్రి.”

అందరూ విన్నారు. ఏమీ లేదు. ఐలేశం ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గాడు. మళ్లీ కరక్, కరక్.

“ఇన్నరా! ఇన్నరా సేటూ!”

“తమ్ముడా,” అంది నర్సింగమ్మ ఎంతో నెమ్మదిగా, “జర నమిలుడు ఆపి ఇను.”

ఐలేశం దవడలు ఆగాయి. చప్పుడూ ఆగింది. నాణ్యం చూడటానికని ఏ రోజుకారోజు గుప్పెడు పల్లీలు అంగీ జేబులో వేసుకోవడం, తోచనప్పుడల్లా చెయ్యి నోటికి పోవడం, ఇదంతా ఎనిమిదేళ్ల సంగతి. ఇన్నాళ్లూ ఇరవై రెండు గొంతులు దాన్ని కప్పేశాయి.

షెడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. బక్కమ్మ చేట బోర్లించి దాని మీద పడి నవ్వింది. సేటు పొట్ట కూడా కదిలింది. ఐలేశం మాత్రం నోట్లో సగం నలిగిన పల్లీతో, మింగలేక ఉమ్మలేక నిలబడ్డాడు. పుష్పమ్మ నవ్వలేదు. తండ్రినే చూస్తోంది.

సేటు కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు. “సరే, నవ్వింది చాలు. కాయిదా కాయిదానే. పాడనోళ్లను బయటికి పంపు.”

ఐలేశం మింగాడు. ఆ పల్లీ గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

“పంపుత సేటూ. ముందుగాల నేను వోత. నోట్ల పల్లి దొరికింది నా ఒక్కనికే. పాడనోళ్ల నోట్ల ఏం దొరకలే. సైదమ్మ నోట్ల గూడ ఏం దొరకలే. అయినా ఎళ్లగొట్టిన.”

“నువ్వు వోతే సాయంత్రం లారీ ఎవరు నింపుతరయ్యా?”

“నాకేమెరుక? గీ కాయిదా పెట్టినోన్ని నేను. తీసేస్తున్న. కుండ వెట్టిస్త, నీళ్లకు ఇడుస్త. గట్లయితేనే ఉంట.”

సేటు షెడ్డును చూశాడు. ఏరిన గంపలు మామూలుగానే నిండుతున్నాయి. నిజానికి కొంచెం ముందే నిండాయి. “ఏమన్న చేస్కోండ్రి. లారీ మాత్రం ఆగొద్దు,” అని వెనుదిరిగి, గుమ్మం దగ్గర ఆగాడు. “ఇంతకు ఎనిమిదేండ్లల ఎన్ని బస్తాలు తిన్నవయ్యా?”

లారీ నింపి పంపి, పొద్దు గూకకముందే ఐలేశం కూతురిని వెంటబెట్టుకుని సైదమ్మ ఇంటికి వెళ్లాడు. ఆ పిల్ల వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. మేస్త్రిని చూడగానే గాభరాగా లేచి నిలబడింది. అతను అడక్కముందే నోరు తెరిచి చూపించింది.

దారంతా తయారు చేసుకున్న మాటలన్నీ ఐలేశం మర్చిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగి ఆ పిల్ల ముఖం మసకబారింది.

“మూసుకో బిడ్డా,” అన్నాడు చివరికి. “ఇగ ఎన్నడు ఎవరికీ గట్ల చూపియ్యకు. నాదే తప్పు. రేపు పనికి రా. పాడకు. ఏడ్వాలనిపిస్తే ఏడ్వు.”

“ఏడిస్తే కండ్లు కనబడయి గద మేస్త్రీ? పుచ్చులు గలుస్తయి.”

“గలవనీ. నేను మల్ల ఏరుత.”

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుష్పమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుని, ఏమీ అనకుండా చింతపండు ఒలవసాగింది. ఐలేశం కూడా ఓ మూల చతికిలబడి నాలుగు గింజలు తీశాడు. ఎవరి నోట్లో ఏముందని అతను అడగలేదు.

తిరిగి వస్తుంటే దారిలో పుష్పమ్మ తండ్రి పక్కకు చేరింది.

“నాయినా, గియ్యన్నీ కాయితం మీద రాసిస్తవా?”

ఐలేశం ఆగిపోయాడు. “అందరి ముందట చెప్పిన గదనే! సొంత నాయిన మాట గూడ నమ్మవా?”

“నాయిన మాట ఎందుకు నమ్మ? నమ్ముత,” అంది పుష్పమ్మ అతని భుజం మీది తువ్వాలు సర్దుతూ. “మేస్త్రి మాటకే కాయితం గావాలె.”