తంబురా లేని పాఠం

చంటివాడి ఊపిరి ఆగినా బేబీ మానిటర్ ఏమీ చెప్పకుండా ఊరుకుంటుందేమో. త్రివేణికి అన్నిటికన్నా పెద్ద భయం అదే. పచ్చ లైటు వెలుగుతూనే ఉన్నా, వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటేగాని ఆమె మనసు కుదుటపడదు.

ఇప్పుడు ఆ భయం ఇల్లు దాటింది. ఛాయాదేవి కనపడకుండా పోయి రెండు రోజులు.

డెబ్బై ఏళ్ళ సంగీతం టీచర్. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో, చెల్లెలి కొడుకు అవినాష్ టౌన్‌హౌస్‌లో ఉంటుంది. గురువారం సాయంత్రం ఐదింటికి ఆన్‌లైన్‌లో పిల్లలకు పాఠం చెప్పింది. అవినాష్ సన్నీవేల్ ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చేసరికి ఇంట్లో లేదు. ఫోన్ టేబుల్ మీదే ఉంది.

పెద్దపాప పాఠం నేర్చుకుంటుంటే పక్కనే కూర్చుని ఐదింటికి ఆవిడ గొంతు విన్నానని పోలీసులకు స్టేట్‌మెంట్ ఇచ్చింది త్రివేణే. ఆ మాట పట్టుకునే వాళ్ళు సాయంత్రం తర్వాత ఆవిడ ఎటు వెళ్ళిందోనని వెతుకుతున్నారు.

శనివారం. శాన్ రామన్‌లో త్రివేణి ఇల్లు. పిల్లల తల్లిదండ్రులు పెట్టుకున్న ప్రైవేట్ డిటెక్టివ్ గీతాంజలి ముగ్గురిని కూర్చోబెట్టింది. త్రివేణి, అవినాష్, ఛాయాదేవి పక్కింటి ధర్మారావు.

"మీకూ ఆవిడకూ పడదట కదా, అంకుల్?"

"రోజూ పొద్దున ఆరింటికి గోడ అవతల ఆ తంబురా పెట్టె. జుయ్‌మని. మనిషన్నవాడు పడుకోవద్దా?"

"గురువారం?"

"ఆ రోజు మోగలేదు. దేవుడున్నాడనుకుని ఏడింటిదాకా పడుకున్నా."

అవినాష్ నవ్వాడు. "పెద్దమ్మకీ ఒకరోజు బద్ధకం ఉంటుంది కదండీ. సాయంత్రం క్లాస్ తీసుకుందిగా. రికార్డింగ్ వినండి."

గీతాంజలి లాప్‌టాప్ తెరిచింది. కెమెరా ఆఫ్. నల్లటి తెర. దాని వెనక ఛాయాదేవి గొంతు, తుడిచిన గాజులా.

"ఎంత క్లియర్‌గా ఉందో" అన్నాడు ధర్మారావు.

"త్రివేణీ, ఆవిడ క్లాస్ ఎలా మొదలుపెడుతుంది?"

"ముందు తంబురా పెట్టె ఆన్ చేసి, వినపడుతోందా అని అడుగుతుందండీ. లేదంటే సెట్టింగ్ మార్చేదాకా 'స' కూడా అనదు. ఈ యాప్ నా తంబురాని మింగేస్తోందని తిట్టిపోస్తుంది. అందుకే ఇప్పటికీ పాఠాలు క్యాసెట్‌లోనే రికార్డ్ చేసుకుంటుంది..."

త్రివేణి ఆగిపోయింది. చేతిలో పాలసీసా పక్కన పెట్టింది.

"ఇందులో తంబురా లేదు."

"లేదు" అంది గీతాంజలి. "గ్రామఫోన్ రికార్డులో చిటపటలు ఉండేవి. క్యాసెట్‌లో సుయ్‌మనే హోరు. కానీ ఆ హోరు వెనక గది ఉండేది, గదిలో తంబురా ఉండేది. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కి మారకుండా మోగే చప్పుడంతా చెత్తే. ఎవరో పాత పాఠాన్ని క్యాసెట్ నుంచి ఎక్కించి హోరు ఊడ్చేశారు. తంబురా కూడా ఊడ్చుకుపోయింది. ఊడ్చినవాడికి ఆ తేడా తెలియలేదు. ఆ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఎవరు, అవినాష్?"

"పెద్దమ్మే అడిగింది."

"గురువారం ఐదింటికి ఆఫీసు నుంచి ఆవిడ అకౌంట్‌లో లాగిన్ అయింది ఎవరు?"

అవినాష్ లాప్‌టాప్ వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు.

"అంటే ఆవిడకి ఏదో జరిగింది సాయంత్రం కాదు, పొద్దున తంబురా మోగాల్సిన ఆరింటికి ముందే. ఏం చేశావు?"

అవినాష్ కార్పెట్ వైపు చూస్తూ చెప్పాడు. డబ్బు తీసుకుని, వేరేవాళ్ళ బదులు తెర వెనక నుంచి తన గొంతుతో ఉద్యోగాల ఇంటర్వ్యూలు ఇస్తుంటాడు. పెద్దమ్మ విన్నది. ఆఫీసుకి చెప్పేస్తానంది. "నా వీసా పోతుంది కదండీ. ఊరికే చెయ్యి విదిలించాను. మెట్ల మీంచి పడింది."

"ఎక్కడుంది?"

"సామాన్ల కోసం అద్దెకి తీసుకున్న స్టోరేజ్ యూనిట్‌లో. తాళం వేసి వచ్చేటప్పటికి ఊపిరి ఉంది."

త్రివేణి కళ్ళు మూసుకుంది. రెండు రోజులు. తాను విన్న గొంతు వల్ల రెండు రోజులు అందరూ తప్పు చోట వెతికారు.

పోలీసులు తాళం కోసేసరికి ఛాయాదేవి ఊపిరి సన్నగా ఆడుతోంది. ఈరోజు దాకా కళ్ళు తెరవలేదు.

త్రివేణి ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ పక్కన తంబురా పెట్టె ఆన్ చేస్తుంది. మానిటర్‌లో గీత కదులుతున్నా, ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

మీకు తెలిసిన పెద్దావిడ ఎవరైనా ఈమధ్య కనపడకుండా, వాయిస్ మెసేజ్‌లు మాత్రమే పంపుతోందా? బాగా క్లియర్‌గా ఉన్నాయా? చదవడం ఆపి ఒకసారి వెళ్ళి తలుపు కొట్టండి. ఆవిడే వచ్చి తీసేదాకా కదలకండి.