ఎర్తు తీగ

విశ్వేశ్వరరావు బెజవాడ నుంచి వచ్చి, బాలానగర్ వైపు ఒక కార్ఖానాలో ఇంజనీరుగా చేరి, కూకట్‌పల్లి ఊళ్ళో కిరాయి ఇంట్లో ఉండేవాడు. డెబ్భై ఎనిమిదో సంవత్సరం మాట. సొంతంగా ఒక కంప్యూటరు చేసుకోవాలని ఆయన పిచ్చి. బొంబాయి నుంచి చిప్పులు తెప్పించాడు. అతికే పని ఐలయ్యది. అదే కార్ఖానాలో టెక్నీషియను, ఆ ఊరివాడే. అతను సోల్డరింగ్ చేస్తే ముత్యాలు పేర్చినట్టుండేది.

“సార్, ఈ పాత రేడియో ట్రాన్స్‌ఫార్మర్ మంచిగ లేదు. డబ్బాకు కరెంటు దిగుతున్నది. కొత్తది తెద్దాం. లేకుంటే జర ఎర్తన్న ఇద్దాం,” అన్నాడు ఐలయ్య ఒకరోజు.

“ఈ నెల మెమరీ చిప్పులు కొనేశానయ్యా. అన్నీ వచ్చే నెల చూద్దాంలే.”

ఆ వచ్చే నెల ఐలయ్య చూడలేదు. కంప్యూటరు ఇనప డబ్బా మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఒరిగిపోయాడు. తడి చేత్తో ముట్టుకున్నాడని పోలీసులకు చెప్పాడు విశ్వేశ్వరరావు. ఐలయ్య భార్య బుచ్చమ్మకూ అదే చెప్పాడు.

“ఆయన గట్ల ముట్టడు సార్,” అందామె. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

మూడు వారాలు గడిచాయి. ఆదివారం, మునిమాపు వేళ. పొద్దుటి నుంచి ముసురు. గోడలు చెమ్మ వాసన కొడుతున్నాయి. డబ్బా మూలన దుప్పటి కింద ఉంది. దాని ప్లగ్గు ఐలయ్య పోయిన రోజే పీకేశాడు.

ముందు వాసన వచ్చింది. సోల్డరింగ్ పొగ వాసన. ఆయన చదువుతున్న పుస్తకం మూశాడు.

దుప్పటి కింద ఎర్రగా వెలుగు... డబ్బా ముందువైపున్న ఎనిమిది చిన్న దీపాలు, ఒకదాని తర్వాత ఒకటి. ప్లగ్గు నేల మీదే పడి ఉంది.

“సార్...” చెవి పక్కనే గుసగుస. “జర పట్టుకోండ్రి.”

పని చేసేటప్పుడు ఐలయ్య రోజూ అనే మాటే అది.

దుప్పటి లాగాడు. దీపాలు ఆరిపోయాయి. మూత తెరిచి ఉంది. లోపల ఆకుపచ్చ తీగ ఒకటి, డబ్బాకు అతికించి... ఎర్తు తీగ. మూరెడు తీగ. అది ఆ రోజు ఉంటే కరెంటు నేలలోకి పోయేది, మనిషిలోకి కాదు. అతుకు ముత్యంలా మెరుస్తోంది. ముట్టుకున్నాడు. వేలు చుర్రుమంది.

చెప్పుల్లేకుండా వానలో పరుగెత్తాడు. రెండు సందుల అవతల బుచ్చమ్మ ఇల్లు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

“నేను అబద్ధం చెప్పానమ్మా! అతని చెయ్యి తడిగా లేదు. ఎర్తు పెడదామన్నాడు, నేనే వచ్చే నెల చూద్దామన్నాను. తప్పు నాది...”

బుచ్చమ్మ ఏడవలేదు. ఉలిక్కిపడలేదు. కందిలి వత్తి కొంచెం తగ్గించింది.

“ఎరుకే సార్. జరంతసేపాయె, వచ్చి చెప్పిండు.”

“ఎ... ఎవరు?”

“లోపలికి రాండ్రి. మీతోని మాట్లాడాలంటున్నడు.”

ఆమె ఇద్దరికి సరిపడా చాప పరిచింది. తను మాత్రం కూర్చోలేదు. బయటికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది.

విశ్వేశ్వరరావు చాప మీద ఒక్కడే కూర్చున్నాడు.

ఎదురుగా... చాప మెల్లగా అణిగింది.